మే నెలలో చంద్రగిరి కోట చెరువుకు ఒక సాయంత్రం: ఇంటిల్లిపాదీ వెళ్ళిరావడం ఎలా?

బడికి సెలవులిచ్చి వారం తిరక్కుండానే పిల్లలు మొదలుపెడతారు: ‘ఎక్కడికైనా తీసుకెళ్ళండి.’ తిరుపతిలో ఉన్నవాళ్ళకు కొండ ఎప్పుడూ ఉంది. కానీ పరీక్షలు అయిపోయి, రిజల్ట్స్ వచ్చి, మొక్కులు తీర్చుకోవడానికి నాలుగు రాష్ట్రాల జనం వచ్చే మే నెలలో కొండమీద రద్దీ సంగతి మనకు ఒకరు చెప్పాలా! కాస్త నీళ్ళు, నాలుగు చెట్లు, పిల్లలు పరిగెత్తడానికి చోటు, పెద్దవాళ్ళు కూర్చోవడానికి నీడ కావాలంటే నా మాట చంద్రగిరి కోట. తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. రాజమహల్ దగ్గర పచ్చిక, పక్కనే చెరువు, వెనక బండరాళ్ళ కొండ. ఒక్క పూటకు ఇంతకంటే మంచి చోటు దగ్గర్లో లేదు.

అయితే కత్తిరి ఎండల్లో ఏ చెరువు దగ్గరికి వెళ్ళినా ఒక వరస పాటించాలి: నీడ ముందు, నీళ్ళు తర్వాత. చాలామంది దీన్నే తలకిందులు చేస్తారు. దిగీదిగగానే పిల్లలు నీళ్ళవైపు లాగుతారు, పెద్దవాళ్ళూ సరేనంటారు, నాలుగు గంటల ఎండ నెత్తిన పడుతుంది, ఐదింటికల్లా అందరికీ తలనొప్పి. తీరా గాలి చల్లబడే వేళకు ఇంటిదారి పడతారు. కింద చెప్పేదంతా ఈ వరస తప్పకుండా ఉండటానికే.

ముందు రోజు కుదుర్చుకోండి

శుక్రవారం వద్దు. రాజమహల్‌లో ఉన్న పురావస్తు శాఖ మ్యూజియానికి ఆ రోజు సెలవు. మ్యూజియం లేకపోతే మూడున్నర నుంచి ఐదు దాకా తలదాచుకునే నీడ పోయినట్టే. శని, ఆదివారాల్లో దర్శనం చేసుకుని తిరిగివెళ్ళే యాత్రికుల బస్సులు కూడా ఇటే వస్తాయి. కాబట్టి సోమవారం నుంచి గురువారం లోపల ఒక రోజు చూసుకోండి. ఆఫీసులో సగం పూట సెలవు పెట్టాల్సి వచ్చినా పెట్టండి, దండగ కాదు.

గంగమ్మ జాతర వారాన్ని కూడా వదిలేయండి. ఆ వారం ఊళ్ళో రోడ్లన్నీ వేషాలతో, పొంగళ్ళతో నిండి ఉంటాయి, ఇంటికి చుట్టాలు వస్తారు. అసలు ఆ వారం తిరుపతి వదిలి ఎటూ పోకూడదన్నది నా పట్టుదల.

ముందురోజు సాయంత్రం ఆకాశం చూడండి. మే నెలలో మనకు పొద్దంతా మండిపోయి సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టి, గాలిదుమారం లేచి, ఉరుములతో వాన పడటం మామూలే. మామిడి రైతులు భయపడే వానలు అవే. రెండు రోజులుగా వరసగా అలా పడుతుంటే మూడో రోజూ పడే అవకాశం ఎక్కువ. ప్రయాణం రెండు రోజులు వెనక్కి జరపండి.

సద్ది కట్టుకోవడం

దీనికి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎండలో పాడయ్యే తిండి తీసుకెళ్ళి, పారేసి, బయట దొరికిన నూనె వంటలు తిని, రాత్రి కడుపునొప్పితో బాధపడే కుటుంబాలను చాలా చూశాను.

పెరుగన్నం తీసుకెళ్ళండి. కానీ మధ్యాహ్నం పెరుగు కలిపి తీసుకెళ్తే సాయంత్రానికి నోట్లో పెట్టుకోలేనంత పులిసిపోతుంది. మా అవ్వ చేసే పద్ధతి చెబుతాను. పన్నెండున్నరకు బియ్యం మామూలుకంటే ఒక గ్లాసు నీళ్ళు ఎక్కువ పోసి మెత్తగా వండండి. పొగలు పోయి గోరువెచ్చగా ఉన్నప్పుడు గరిటెతో మెదిపి, కాచి చల్లార్చిన పాలు పోయండి. అన్నం పాలల్లో మునిగినట్టు, మరీ పలచగా ఉందేమో అనిపించేటట్టు ఉండాలి. అందులో ఒకే ఒక్క చెంచా పెరుగు కలపండి. ఉప్పు, అల్లం, ఆవాలు కరివేపాకు తిరగమోత వేసి స్టీలు టిఫిన్‌లో మూత పెట్టండి. దారి పొడుగునా అది నెమ్మదిగా తోడుకుంటుంది. ఐదున్నరకు మూత తీస్తే గట్టిపడి, చల్లగా, పులుపు తగలకుండా ఉంటుంది. పక్కన నాలుగు ఊరమిరపకాయలు, మాగాయ ముక్క ఉంటే పిల్లలు కూడా మారు అడుగుతారు.

చిరుతిండికి బొరుగులు, వేయించిన శెనక్కాయలు విడిగా పెట్టుకోండి. ఉల్లిపాయ, నిమ్మకాయ అక్కడే పిండి కలుపుకుంటే కరకరలాడుతాయి. ఇంటి దగ్గరే కలిపారంటే చేరేసరికి మెత్తబడిపోతాయి. చిత్తూరు సీమలో మే నెలంటే మామిడిపండ్లు లేకుండా కదలరు కాబట్టి వాటి సంగతీ చెబుతాను. పండ్లను పొద్దున్నే నీళ్ళలో నానబెట్టి, ఇంట్లోనే తొక్క తీసి, ముక్కలు కోసి డబ్బాలో వేసుకోండి. అక్కడ కోతులున్నాయి. పండు చేతిలో కనిపిస్తే చాలు, వచ్చేస్తాయి. పండు కోసం కోతితో పెనుగులాడకండి, వదిలేయండి. ప్లాస్టిక్ కవరు చప్పుడు విన్నా అవి దిగొస్తాయి కాబట్టి తిండి అంతా మూతలున్న డబ్బాల్లో, మూతి కట్టిన గుడ్డసంచిలో ఉండాలి.

మంచినీళ్ళు మనిషికి రెండు లీటర్ల లెక్కన పట్టుకెళ్ళండి. ముందురోజు రాత్రి సగం నీళ్ళు పోసిన బాటిల్‌ను ఫ్రీజర్‌లో పడుకోబెట్టండి. బయల్దేరేటప్పుడు మిగతా సగం మామూలు నీళ్ళతో నింపితే సాయంత్రం దాకా చల్లగా ఉంటాయి. నిలబెట్టి గడ్డకట్టిస్తే నీళ్ళు పోయడానికి దారి ఉండదు. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ ఒక ఫ్లాస్కు నిండా. నన్నారి సిరప్ ఇంట్లో ఉంటే చిన్న సీసా, రెండు నిమ్మకాయలు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు సంచిలో పడేయండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి వాడొచ్చు. చెంచా అంటే టీ చెంచా, సమంగా గీసి కొలవండి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు మంచిది కాదు.

ఇవి కాక ఒక పాత దుప్పటి, ఒక్కొక్కరికి ఒక తువ్వాలు, పిల్లలకు ఇంకో జత బట్టలు, టార్చి, చెత్త వేసుకోవడానికి ఒక ఖాళీ సంచి. పదిపదిహేను అడుగుల తాడు ఒకటి. తాడు ఎందుకో కింద చెబుతాను.

బయల్దేరడం

మధ్యాహ్నం ఇంట్లోనే అన్నం తినండి. తాతను, అవ్వను, చిన్నపిల్లలను ఒక గంట పడుకోబెట్టండి. మూడింటికి లేచి మొహం కడుక్కుని, ప్రతి ఒక్కరూ ఒక గ్లాసు మజ్జిగ తాగి బయల్దేరితే మూడున్నర దాటాక కోట దగ్గర ఉంటారు.

సొంత బండి లేకపోతే తిరుపతి బస్టాండులో చంద్రగిరి మీదుగా వెళ్ళే ఆర్టీసీ బస్సు ఎక్కి, చంద్రగిరిలో దిగి, కోట దాకా ఆటో మాట్లాడుకోండి. తిరుపతి–పాకాల–కాట్పాడి లైనులో చంద్రగిరికి రైల్వే స్టేషన్ ఉంది కానీ, సాయంత్రం తిరుగు ప్రయాణానికి బస్సే నయం. వచ్చేటప్పుడు ఆటో దొరకడం కష్టం కాబట్టి వెళ్ళేటప్పుడే ఆటో ఆయన నంబరు తీసుకుని, ఫలానా టైముకు రమ్మని చెప్పి పెట్టుకోండి.

కారులో వెళ్ళేవాళ్ళు చెట్టు నీడన ఆపినా సరే, నిద్రపోతున్న పాపను ‘ఒక్క నిమిషం’ అని లోపల వదిలి దిగకండి. అద్దాలు మూసిన కారు నిమిషాల్లో పొయ్యి అవుతుంది.

మొదట మహల్, తర్వాతే చెరువు

టికెట్ తీసుకునేటప్పుడే గేటు ఎన్నింటికి మూస్తారో అడగండి. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. తిన్నగా రాజమహల్‌లోకి వెళ్ళండి. మూడంతస్తుల కట్టడం. ఇటుక, రాయి, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. అంత మందం గోడల మధ్య, తోరణాల కింద నిలబడితే బయట ఎండకూ లోపలి చల్లదనానికీ తేడా ఒంటికే తెలుస్తుంది. పిల్లల చెయ్యి పట్టుకుని బయటి గోడ మీద ఒకసారి, లోపలి గోడ మీద ఒకసారి పెట్టించండి. ఏసీ లేని కాలంలో మనుషులు ఎండను ఎలా ఆపారో వాళ్ళే చెబుతారు.

ఇక్కడ చెప్పడానికి కథలకేం కొదవ? సాళువ నరసింహరాయలు 1485లో విజయనగర సింహాసనం ఎక్కకముందు ఈ చంద్రగిరి ప్రాంతాన్నే ఏలాడు. ఆ తర్వాత 1565లో విజయనగరం కూలిపోయాక, అరవీటి వంశం రాజులు పెనుగొండ నుంచి వచ్చి దీన్నే రాజధాని చేసుకున్నారు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1639లో మద్రాసులో కోట కట్టుకోవడానికి అనుమతి సంపాదించింది ఈ చంద్రగిరి రాజ్యం కిందే. ఈ రోజు మన పిల్లలు చదువుకీ ఉద్యోగానికీ పోయే చెన్నై మహానగరం మొదలైన కాగితానికి, ఈ మూల ఉన్న కోటకు సంబంధం ఉందని చెబితే పెద్దపిల్లలు కళ్ళు పెద్దవి చేసి వింటారు.

మ్యూజియంలో కంచు, రాతి విగ్రహాలు చూసేసరికి ఐదు కావస్తుంది, వాళ్ళూ మూసే వేళవుతుంది. బయటికి వచ్చాక రాణీమహల్‌ను బయటినుంచి ఒక చుట్టు చుట్టండి. బండల మీద పిల్లల్ని చెప్పుల్లేకుండా నడవనివ్వకండి. నల్లరాయి పొద్దంతా పీల్చుకున్న వేడిని సాయంత్రం దాకా వదులుతూనే ఉంటుంది. ఎండ తగ్గినట్టే ఉంటుంది, అరికాలు మాత్రం కాలుతుంది. కొండమీది పాత కోట ఎక్కుదామని కుర్రాళ్ళు అంటారు, ఈ కాలంలో ఒప్పుకోవద్దు. డిసెంబరులో రావచ్చు.

నీళ్ళ దగ్గర

ఇప్పుడు చెరువు. దుప్పటి నీళ్ళ అంచున పరవకండి. గట్టుకు ఇవతల, పచ్చిక మీద, నీళ్ళు కనిపించేంత దూరంలో పరవండి. బోట్లు తిప్పుతుంటే ఎక్కండి. కానీ లైఫ్ జాకెట్ ఇవ్వని బోటు ఎక్కొద్దు. జాకెట్ ఇచ్చాక పిల్లల భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా వచ్చేస్తుంటే అది ఆ పిల్లకు పెద్దది. చిన్న సైజు అడగండి, లేకపోతే ఆ పూటకు బోటు లేదంతే.

నీళ్ళలోకి మాత్రం ఎవ్వరూ దిగకూడదు. ఈ మాట కోట చెరువుకే కాదు, కల్యాణీ డ్యామ్‌కూ, మీ ఊరి చెరువుకూ, క్వారీ గుంటకూ ఒకటే. వేసవిలో మన జిల్లాల్లో పిల్లలు నీళ్ళలో పోయారన్న వార్త లేని వారం ఉండదేమో అనిపిస్తుంది, చదివిన ప్రతిసారీ కడుపులో దేవినట్టవుతుంది. చలికాలం నిండుగా ఉన్న చెరువు దగ్గర ఎవరికైనా భయం ఉంటుంది. ఎండాకాలం నీళ్ళు తగ్గి, మోకాళ్ళ లోతే కదా అనిపించే చెరువే ఎక్కువ మోసం చేస్తుంది. నీళ్ళు తగ్గిన చెరువుల్లో పొలాలకూ ఇటుకలకూ మట్టి తోలుకుంటారు, జేసీబీతో పూడిక తీస్తారు. ఆ గుంటలు మళ్ళీ నీళ్ళతో నిండితే పైకి అంతా ఒకే మట్టంగా కనిపిస్తుంది. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు ఇంకో అడుగు వేస్తే రెండు నిలువుల లోతు.

ఇంకోటి, ఎండిన అంచు. మా తమ్ముడి కొడుకుకు ఏడేళ్ళప్పుడు మా ఊరి చెరువు దగ్గర జరిగింది. నీళ్ళు వెనక్కి పోయిన చోట మట్టి ఆరి, పలకలు పలకలుగా పగిలి, అప్పడాల్లాగా అంచులు పైకి లేచి ఉంది. చూస్తే గట్టినేలే. వాడు ఒక పలక మీద నుంచి ఇంకో పలక మీదికి గెంతుతూ వెళ్తున్నాడు. నాలుగో గెంతుకు పలక అలాగే నిలబడి ఉంది, దాని కింద నుంచి నల్లటి నీళ్ళు ఊరాయి. ఐదో గెంతుకు కుడికాలు మోకాలు దాకా దిగిపోయింది. వాడు అరవలేదు. కాలివైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు. నేను పరుగెత్తి చెయ్యి పట్టి లాగితే ఇంకా దిగాడు, నా కాళ్ళు కూడా దిగాయి. గట్టుమీద గొర్రెలు మేపుకుంటున్న ఒక పెద్దాయన, ‘లాగొద్దు, వాణ్ణి వెనక్కి పడుకోమను’ అని అరిచాడు. వాడు వెల్లకిలా పడుకున్నాక, ఆయన తలగుడ్డ విప్పి విసిరాడు. వాడు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. కాలిని అటూ ఇటూ ఆడించమన్నాడు ఆయన, మట్టిలోకి గాలి పోయిన చప్పుడు వచ్చింది, చెప్పు లోపలే ఉండిపోయి కాలు బయటికొచ్చింది. తాడు పట్టుకెళ్ళమన్నది అందుకే.

కాబట్టి ఒక కట్టుబాటు పెట్టుకోండి. పెద్దవాళ్ళు ఒక్కొక్కరు ఇరవై నిమిషాలు వంతున నీళ్ళ కాపలా. ఆ ఇరవై నిమిషాలు వాళ్ళ చేతిలో ఫోన్ ఉండకూడదు, వడ్డన చేయకూడదు, ఫొటోలు తీయకూడదు. పిల్లలవైపే చూస్తూ కూర్చోవాలి. వంతు మారేటప్పుడు ‘ఇక నీదే’ అని నోటితో చెప్పి మారాలి. పదిమంది పెద్దవాళ్ళు ఉన్నచోటే పిల్లలు ఎక్కువ తప్పిపోతారు. ఒకరు చూస్తున్నారులే అని ఇంకొకరు అనుకుంటారు. మునిగే పిల్ల చేతులూపి కేకలు వేస్తుందనుకుంటాం, అలా జరగదు. చప్పుడే ఉండదు, నీళ్ళు నోటికి తగులుతూ తల మాత్రం పైకెత్తి ఉంటుంది.

ఎవరైనా పడితే ఈత బాగా వచ్చినవాళ్ళు తప్ప దూకకండి. బోర్లా పడుకుని తాడు విసరండి, లేకపోతే చున్నీలు ముడేసి విసరండి, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాన్ విసిరినా పట్టుకుని తేలతారు. బయటికి తీశాక కడుపు నొక్కి నీళ్ళు కక్కించాలని చూడకండి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముందు నోటితో గాలి ఊదాలి, తర్వాత ఛాతీ నొక్కాలి. ఇంకొకరు అదే క్షణంలో 108కి ఫోన్ చేయాలి. ఇది ఒకసారి ఎవరైనా నర్సు దగ్గర చేతులతో నేర్చుకోండి, చదివితే రాదు.

ఎండ, పిడుగు

పెద్దవాళ్ళలో ఎవరైనా చెమట పట్టడం ఆగిపోయి, ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడి తువ్వాళ్ళు మెడ చుట్టూ, చంకల్లో, గజ్జల్లో పెట్టి విసురుతూ 108కి చెప్పండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయకూడదు. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళ మాత్రలు మీ సంచిలోనే ఉంచుకోండి.

మెరుపు కనిపించగానే అంకెలు లెక్కపెట్టండి. ముప్ఫై లోపే ఉరుము వినిపిస్తే పిడుగు మీకు దగ్గర్లోనే ఉంది. బోటు దిగండి, చెట్టు కిందినుంచి లేవండి, మహల్ దగ్గరికో కారులోకో వెళ్ళండి. చివరి ఉరుము వినిపించాక అరగంట దాకా నీళ్ళవైపు పోకండి.

రెండు రోజులు తీరిక ఉన్నవాళ్ళకు

హార్స్‌లీ హిల్స్ వెళ్ళండి. పీలేరు, మదనపల్లె మీదుగా దారి. 2022 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. దాదాపు 1,265 మీటర్ల ఎత్తు కాబట్టి కింద ఊళ్ళు ఉడికిపోతున్నా అక్కడ రాత్రి దుప్పటి కావాలి. ఏనుగు మల్లమ్మ కొండ దాని అసలు పేరు, పిల్లలకు ఆ పేరుతోనే చెప్పండి. గంగోత్రి, మానస సరోవర్ అని రెండు చిన్న చెరువులున్నాయి, గాలిబండ మీద సూర్యాస్తమయం చూడొచ్చు. గది మాత్రం ముందే బుక్ చేసుకోవాలి, మే నెలలో బెంగళూరు వాళ్ళంతా అక్కడే ఉంటారు.

నేలపట్టు, పులికాట్ ఇప్పుడు వద్దు. ఆ పక్షులు చూడాలంటే చలికాలం రావాలి. తలకోన కూడా మే నెలలో సన్నటి ధారే, వానలు పడ్డాక వెళ్ళండి.

తిరుగు ప్రయాణం

కోటలో గేటు మూసే వేళకు అరగంట ముందే దుప్పటి దులపండి. నిమ్మ తొక్కలు, కవర్లు, పేపరు ప్లేట్లు అన్నీ మీరు తెచ్చిన సంచిలో వేసి ఊళ్ళోకి తీసుకొచ్చి పారేయండి. చెరువు గట్టున వదిలిన కవరు మొదటి వానకు నీళ్ళలోకే పోతుంది. గేటు దాటేముందు పిల్లల్ని పేరుపేరునా పిలిచి లెక్క చూసుకోండి. ఇంటికెళ్ళగానే స్నానం చేయించి, కాళ్ళకు ముళ్ళు గుచ్చుకున్నాయేమో వేళ్ళ సందుల్లో చూసి, పడుకునేముందు ఇంకో గ్లాసు మజ్జిగ తాగించండి. పెరుగన్నం ఏమన్నా మిగిలితే పొద్దున దాకా ఉంచకండి.